వక్క, తమలపాకు, చైనా: హైనాన్‌లో కాపురం రోజులు

అట్లాసులో శ్రీకాకుళం మీద వేలు పెట్టి తిన్నగా తూర్పుకి జరపండి. బంగాళాఖాతం, బర్మా, థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం దాటి, ఇంకాస్త సముద్రం దాటి వేలు ఆగే ఊరు సాన్యా. చైనా దక్షిణాన ఉన్న హైనాన్ దీవికి దక్షిణపు కొస అది. రెండు ఊళ్ళూ 18 డిగ్రీల పైచిలుకు ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. దీవికి ఉత్తరపు చివరనున్న రాజధాని హైకో 20 డిగ్రీల దగ్గర, మన ఆదిలాబాదుకి పిసరంత పైన. ఎండ మనదే, ఉక్క మనదే, కొబ్బరిచెట్టూ మనదే. చైనా అనగానే మంచు, పెద్ద గోడ, ఉన్ని కోట్లు ఊహించుకుని పెట్టె సర్దుకున్న మనవాళ్ళు హైకో విమానాశ్రయం తలుపు దాటి బయటి గాలి మొహానికి తగలగానే అనే మాట ఒకటే: "అరె, అచ్చం కోనసీమే!"

ఆ మాటే కొంప ముంచేది. కొత్త చోటు అనుకుంటే మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు, మనూరిలాగే ఉంది అనుకుంటే పెట్టుకోడు. 2010ల్లో హైకోలో, సాన్యాలో కాపురం పెట్టిన ఇళ్ళలో మొదటి ఏడాది తిన్న ఎదురుదెబ్బలు చాలావరకు ఈ "మనదే కదా" ధీమాలోంచి వచ్చినవే.

వక్క సంగతే చూడండి. హైకో సందు మొగల్లో, వాన్‌నింగ్ బస్టాండు బయట బుట్ట ముందు పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉండేది. బుట్టలో పచ్చి వక్కకాయలు, కోడిగుడ్డుకంటే చిన్నవి, నిగనిగలాడుతూ. కాయని నిలువునా నాలుగు చెక్కలుగా చీల్చి, తమలపాకు చుట్టమైన ఒక ఆకుకి తడి సున్నం రాసి, దాన్ని చిన్న కిళ్ళీలా మడిచి, చెక్కతో కలిపి ఇచ్చేది. చైనా అంతటా పండే వక్కలో దాదాపు మొత్తం ఈ దీవిదే. ఇక్కడి పల్లెల్లో పెళ్ళి మాట ఖాయం కావాలంటే మగపిల్లాడి వైపు నుంచి వక్కలు వెళ్ళాలి. తాంబూలాలు పుచ్చుకోవడమంటే ఏమిటో హైనాన్ ముసలమ్మకి వివరించి చెప్పనక్కర్లేదు, పెద్ద తెలిసినట్టు తల ఊపేది.

అయితే మనం వేసుకునేది ఎండబెట్టిన వక్క, అదీ పలుకులుగా. అక్కడిది పచ్చిది, ఒక్క చెక్కే మన పది పలుకులంత. నాలుగు నములు నమిలేసరికి చెవులు వేడెక్కి, చెమట పట్టి, గుండె దడదడలాడి, ఛాతీ బిగుసుకుపోతుంది. దాన్ని వాళ్ళు 'వక్క నిషా' అంటారు. కాళ్ళు వణికి పేవ్‌మెంట్ మీద చతికిలబడ్డ కొత్తవాణ్ణి చూసి ఆవిడ నవ్వుతూ ఒక నీళ్ళ సీసా చేతిలో పెట్టేది. ఖాళీ కడుపుతో అసలు వేసుకోకూడదు. మొదటి ఊటని మింగకూడదు, ఉమ్మేయాలి. పొగాకు కలపకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఎప్పుడో తేల్చింది కాబట్టి, రుచి చూసి ఊరుకున్నవాళ్ళే తెలివైనవాళ్ళు.

ఇక కాగితాలు. ఇక్కడ కోనసీమ పోలిక మొదటి రోజే తెగిపోతుంది. హోటల్లో దిగితే పోలీసు నమోదు హోటలువాళ్ళే చేస్తారు. అద్దింట్లోనో, తెలిసినవాళ్ళింట్లోనో దిగితే 24 గంటల్లోపు ఆ పేట పోలీస్ స్టేషన్‌కి, వాళ్ళ మాటలో 'పాయ్ ఛూ సువో'కి, మనమే వెళ్ళాలి. పాస్‌పోర్టు, వీసా, అద్దె ఒప్పందం, ఇంటి ఓనరు గుర్తింపు కార్డు నకలు, ఇంటి హక్కుపత్రం నకలు పట్టుకెళ్తే ఒక చీటీ ఇస్తారు. వెళ్ళకపోతే 2013 జూలై నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం 2,000 యువాన్ల దాకా జరిమానా. ఆ చీటీ చూడటానికి బస్సు టికెట్టంత ఉంటుంది కానీ, అది లేనిదే నివాస అనుమతి కదలదు. ఇండియా వెళ్ళొచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాయించుకోవాలి, ఇక్కడే చాలామంది మర్చిపోయేవారు. కొందరు ఓనర్లు హక్కుపత్రం నకలివ్వడానికి నసుగుతారు. అందుకే అడ్వాన్సు చేతిలో పెట్టకముందే "పోలీసు నమోదుకి కాగితాలిస్తారా" అని అడగాలి. డబ్బు కట్టాక అడిగితే మన మాటకి విలువుండదు.

ఉద్యోగపు వీసా మీద వచ్చినవాళ్ళు దిగిన 30 రోజుల్లోపు నివాస అనుమతికి పెట్టుకోవాలి. దానికి ముందు వైద్య పరీక్ష: రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, కడుపు స్కానింగు. పొద్దున్నే పరగడుపున వెళ్ళాలి. "ఒక్క ఇడ్లీనే కదా" అని తిని వెళ్ళినవాళ్ళు మర్నాడు మళ్ళీ వెళ్ళాల్సి వచ్చేది. ఇండియాలో చేయించుకొచ్చిన రిపోర్టులు అక్కడ తిరిగి పరిశీలన దాటాలి, చాలాసార్లు దాటేవి కావు. డిగ్రీ పట్టా ధ్రువీకరణ మాత్రం ఇండియాలో ఉండగానే ముగించాలి. ముందు రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, తర్వాత విదేశాంగ శాఖది, చివర చైనా రాయబార కార్యాలయానిది. హైనాన్‌లో దిగాక ఈ పని మొదలుపెట్టడమంటే అసలు పట్టాని కొరియరులో వెనక్కి పంపి, అది తిరిగొచ్చేదాకా దేవుడికి దండం పెట్టుకోవడమే.

మన పేర్ల గోల మరొకటి. ఇంటిపేరు, వెంకట, సత్య, నాగ, ఆపైన అసలు పేరు, అన్నీ కలిపితే ముప్పై అక్షరాలు దాటుతాయి. చైనా పేరు మూడు అక్షరాల్లో అయిపోతుంది, వాళ్ళ ఫారాల్లో గడులూ అంతమాత్రానికే. ఫోన్ దుకాణంలో కుర్రాడు ఇంటిపేరు చివర కొడతాడు. బ్యాంకులో అమ్మాయి ఇంటిపేరు ముందు పెట్టి ఖాళీలు తీసేస్తుంది. తర్వాత ఫోన్లో డబ్బు చెల్లించే యాప్‌కి బ్యాంకు కార్డు తగిలించబోతే "పేరు సరిపోలేదు" అని తిప్పికొడుతుంది. ఎన్నిసార్లు కొట్టినా అంతే. తప్పు మనిషిది కాదు, ఒక్క ఖాళీది. దీనికి మందు ఒకటే. పాస్‌పోర్టు అడుగున రెండు వరుసల్లో ఉండే యంత్రాక్షరాల్లో పేరు ఏ క్రమంలో ఉందో, అదే క్రమంలో పెద్ద అక్షరాలతో ఒక చీటీ మీద రాసుకుని, ఫోన్ దుకాణంలోనూ బ్యాంకులోనూ ఆఫీసులోనూ అదే చీటీ చూపించాలి. ఖాతా తెరిచాక కౌంటరు దగ్గర్నుంచి లేవకుండా, తెరమీద పేరెలా పడిందో చూసి, ఖాళీలతో సహా రాసుకోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళ అవస్థ ఇంకా ఘోరం. వాళ్ళు బయల్దేరకముందే పాస్‌పోర్టు మార్పించుకోవడం మేలు.

ఏ ఆఫీసుకైనా పొద్దున తొమ్మిదికో, మధ్యాహ్నం మూడుకో వెళ్ళాలి. పన్నెండు కొట్టిందంటే దీవి దీవంతా కునుకు తీస్తుంది. ఎండాకాలం రెండున్నర దాకా షట్టర్లు లేవవు. ఈ విషయంలో మాత్రం నిజంగా మన పల్లెటూరే.

ఇల్లు దొరకడం కష్టం కాదు. ఏజెంట్లు అడుగడుగునా ఉంటారు. మామూలు లెక్క 'యా యీ ఫూ సాన్', అంటే ఒక నెల అద్దె డిపాజిట్టు, మూడు నెలల అద్దె ముందుగా. పైన ఏజెంటు కమిషను, అరనెల అద్దె. అంటే గుమ్మంలో కాలు పెట్టకముందే నాలుగున్నర నెలల అద్దె చేతిలో ఉండాలి. మన గ్రౌండ్ ఫ్లోరు వాళ్ళకి ఒకటో అంతస్తు, కాబట్టి "మూడో అంతస్తు" అంటే మెట్ల లెక్క మన రెండే. సాన్యాలో అయితే ఒప్పందం పన్నెండు నెలలకి ఉందా అని రెండుసార్లు చూసుకోవాలి. చలికాలం వచ్చిందంటే ఈశాన్య చైనా నుంచి, సున్నాకి ఇరవై ముప్పై డిగ్రీల కింద గడ్డకట్టే ఊళ్ళనుంచి, పెద్దవాళ్ళు దిగుతారు. వాళ్ళని 'హోవ్ న్యావ్' అంటారు, వలస పక్షులని. నవంబరు నుంచి మార్చి దాకా అద్దెలు ఆకాశంలో ఉంటాయి. మే నెలలో చవగ్గా దొరికిందని ఆరు నెలలకి సంతకం పెట్టినవాళ్ళు అక్టోబరు చివర సామాను సర్దుకోవాల్సి వచ్చేది.

ఇంటిని చూడ్డానికి వెళ్ళినప్పుడు గోడ రంగు, సోఫా చూసి మురవకూడదు. బీరువాని ఒక జానెడు ముందుకి లాగి వెనక చెక్క చూడాలి. నల్లటి బూజు చుక్కలుంటే ఆ ఇల్లు వద్దు. ఎందుకంటారా? 'హ్వే నాన్ థ్యెన్' కోసం.

ఆ మాటకి తెలుగు లేదు, అవసరం కూడా పడలేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య, ముఖ్యంగా హైకోలో, కొన్నాళ్ళు చలిగాలి వీచి గోడలూ గచ్చూ చల్లబడి ఉంటాయి. అంతలో ఒక పూట దక్షిణం నుంచి వెచ్చని, నీటితో బరువెక్కిన గాలి తిరుగుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టు ఇల్లంతటికీ చెమట పడుతుంది. టైల్స్ మీద నీళ్ళు నిలుస్తాయి, అద్దం మీద ధారలు కడతాయి, మెట్ల మీద కాలు జారుతుంది, పక్క దుప్పటి పిండితే నీరొచ్చేట్టు ఉంటుంది. మనవాళ్ళు వెంటనే చేసే పని కిటికీలన్నీ బార్లా తెరిచి ఫ్యాను తిప్పడం. చెమ్మ అంటే గాలాడాలి అన్నది మనకి ఉగ్గుపాలతో వచ్చిన జ్ఞానం. ఇక్కడ అది సరిగ్గా తిరగబడుతుంది. బయటి గాలే నీళ్ళు మోసుకొస్తోంది, ఎంత తెరిస్తే అంత తడి. కిటికీలు మూసేయాలి, ముఖ్యంగా దక్షిణం వైపువి, తూర్పువి. ఏసీని చెమ్మ పీల్చే మోడ్‌లో పెట్టాలి. వీలైతే చెమ్మ పీల్చే యంత్రం ఒకటి కొనాలి. రాత్రి పడగ్గదిలో పెడితే తెల్లారేసరికి దాని డబ్బా నిండి, ఆగిపోయి, ఎర్రలైటు వెలుగుతూ ఉండేది. అన్ని నీళ్ళు ఆ గాలిలో ఉన్నాయా అని మొదటిసారి చూసినవాళ్ళు నోరు తెరిచేవారు. ఉతికిన బట్టల్ని చిన్న గదిలో తీగకట్టి, తలుపేసి, అదే యంత్రం పెడితే ఒక పూటలో ఆరతాయి. బాల్కనీలో వేస్తే మూడు రోజులైనా ఆరవు, పైగా ముక్కవాసన. ఒకటో అంతస్తు నుంచి మూడో అంతస్తు దాకా ఈ బాధ ఎక్కువ, పైకి వెళ్ళేకొద్దీ తక్కువ.

తోలు చెప్పులు, బెల్టులు, పట్టుచీరలు, కెమెరా లెన్సులు ఈ రెండు నెలల్లోనే పాడయ్యేవి. కారం, పసుపు, ధనియాల పొడి గడ్డకట్టేవి. పొడులన్నీ ఫ్రిజ్‌లో, పట్టుచీర అసలు ఇండియాలోనే. అంతకుమించి ఉపాయం లేదు.

తుపాను గురించి కోస్తావాళ్ళకి చెప్పేదేముంది అనిపిస్తుంది. 2014 జూలై 18న రామసూన్ అనే తుపాను దీవిలోని వెన్‌చాంగ్ దగ్గర వెంగ్‌థ్యెన్ అనే చోట తీరం దాటి హైకోని అతలాకుతలం చేసింది. అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని కొట్టింది. అక్కడ కొడుకు, ఇక్కడ తల్లిదండ్రులు, మూడు నెలల తేడాలో ఒకరి కోసం ఒకరు ఫోన్లు పట్టుకుని కూర్చున్న ఇళ్ళున్నాయి. మళ్ళీ 2024 సెప్టెంబరు 6న యాగి కూడా ఆ వెంగ్‌థ్యెన్‌లోనే తీరం దాటింది.

హెచ్చరిక నాలుగు రంగుల్లో వస్తుంది: నీలం, పసుపు, నారింజ, ఎరుపు. రంగు ముదిరేలోపే ప్రధాన భూమికి వెళ్ళే పడవలు ఆగిపోతాయి, దీవి చుట్టూ తిరిగే రైళ్ళు ఆగిపోతాయి. నారింజ రాకముందే కూరగాయలు కొనాలి. తర్వాత బజారులో మిగిలేవి గుమ్మడికాయలే. మన డాబా ఇంటికీ అక్కడి ఇరవై అంతస్తుల అపార్టుమెంటుకీ తేడా గుర్తుపెట్టుకోవాలి. కరెంటు పోతే లిఫ్టు పోతుంది, నీళ్ళూ పోతాయి, ఎందుకంటే పై అంతస్తులకి నీళ్ళెక్కించేది మోటారే. బక్కెట్లు, గిన్నెలు, చివరికి బట్టలుతికే యంత్రం తొట్టి కూడా నింపి పెట్టుకోవాలి. తాగే నీళ్ళు 18.9 లీటర్ల డబ్బాలు రెండు అదనంగా తెప్పించుకోవాలి. కిటికీ అద్దాలకి టేపు ఇంటూ ఆకారంలో అంటించేవాళ్ళు అందరూ. దానివల్ల అద్దం గట్టిపడదు, పగిలితే పెంకులు చెల్లాచెదురు కాకుండా ఆపుతుంది అంతే. అద్దం పగిలేది ఎక్కువగా జారుడు కిటికీ చట్రంలో అల్లల్లాడి. కాబట్టి సందుల్లో అట్టముక్కలు మడిచి బిగించడమే అసలు పని. బాల్కనీలో మొక్కల కుండీలు లోపలికి, నీళ్ళు పోయే రంధ్రంలో ఆకులు బయటికి. ఆ రంధ్రం మూసుకుంటే వాన నీరు హాల్లోకే. స్కూటరుని నేలమాళిగ పార్కింగులో పెట్టి హాయిగా నిద్రపోకండి, ముందు మునిగేది అదే. ఒక్కసారిగా గాలి ఆగి ఆకాశం తేటపడితే తుపాను పోయిందని బయటికి రాకూడదు. అది కన్ను. కాసేపటికి గాలి ఎదురు దిక్కునుంచి కొడుతుంది, అప్పటిదాకా క్షేమంగా ఉన్న వైపు కిటికీల వంతు వస్తుంది.

వంటిల్లు. ఇక్కడే హైనాన్ మనల్ని ఎక్కువ మురిపించింది, ఎక్కువ ఏడిపించింది కూడా.

ముందు కరెంటు. వోల్టేజి 220, మన మిక్సీ నిక్షేపంగా తిరుగుతుంది. కానీ మన మూడు గుండ్రటి కాళ్ళ ప్లగ్గు వాళ్ళ బల్లపరుపు రంధ్రాల్లో దూరదు. రోడ్డు పక్క దొరికే చవక అడాప్టరు ఫోన్ ఛార్జరుకి సరే, 750 వాట్ల మిక్సీకి పెడితే లోపలి రేకులు వదులై, వేడెక్కి, ప్లాస్టిక్ కరిగిన వాసన వస్తుంది. పది ఆంపియర్ల ముద్ర ఉన్నది చూసి కొనాలి, లేదా ప్లగ్గునే కత్తిరించి అక్కడిది వేయించుకోవాలి. అద్దిళ్ళలో గ్యాసు కంటే ఇండక్షన్ పొయ్యిలే ఎక్కువ. పెట్టెలో బరువు లెక్కేసుకుని మోసుకెళ్ళిన అల్యూమినియం కుక్కరు దాని మీద వేడెక్కదు. అడుగుకి అయస్కాంతం అతుక్కుంటేనే ఆ గిన్నె పనికొస్తుంది. ఈ ఒక్క పరీక్ష ఇండియాలో బయల్దేరే ముందు చేసుకుంటే చాలు. అదనపు గాస్కెట్లు రెండు తెచ్చుకోండి, అక్కడ ఆ కొలత దొరకదు.

బియ్యం దుకాణంలో ఈశాన్యపు పొట్టి బియ్యాన్ని మంచివని అంటగడతారు. అన్నం జిగురుగా వస్తుంది, చారు కలపడానికి రాదు. 'సీ మ్యావ్' అని అడగాలి. సన్నగా, పొడుగ్గా, మన సోనామసూరికి దగ్గరగా ఉంటుంది. గ్లాసుకి గ్లాసుంపావు నీళ్ళు చాలు, మన అలవాటున రెండు పోస్తే ముద్దే. బియ్యమంటే గుర్తొచ్చింది: చైనా సంకర వరికి మూలమైన అడవి వరి మొక్క 1970 నవంబరులో దొరికింది సాన్యాలోనే, వరి శాస్త్రవేత్త యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి. ఇప్పటికీ చలికాలం వస్తే చైనా నలుమూలల నుంచి విత్తన శాస్త్రవేత్తలు అదనపు పంట కోసం ఆ పొలాలకి దిగుతారు.

కందిపప్పు దొరకదు. పొట్టు తీసిన పెసరపప్పు దొరుకుతుంది, దానితో పప్పు కానిచ్చేయొచ్చు. మినుముల దగ్గర మాత్రం ఘోరంగా మోసపోతారు. 'హేయ్ దోవ్' అని నల్లగా నిగనిగలాడే గింజలు ప్రతి కొట్లో ఉంటాయి. మాటకి అర్థం నల్ల పప్పే. తీరా అది నల్ల పొట్టు సోయా. నానబెడితే నానుతుంది, రుబ్బితే నలుగుతుంది, కానీ పొంగదు. మినుముకి ఉండే జిగురే గాలి బుడగల్ని పట్టి ఉంచేది. సోయాకి అది లేదు. మర్నాడు ఇడ్లీ పాత్ర తీస్తే రాళ్ళు. మినపగుళ్ళు ఇండియా నుంచి తెచ్చుకోవాలి, లేదా గ్వాంగ్‌ఝౌలోనో ఈవూలోనో ఉన్న భారతీయ దుకాణాల నుంచి కొరియరు తెప్పించుకోవాలి. మంచి మినుము దొరికాక మాత్రం ఆ ఉక్కలో పిండి ఆరేడు గంటల్లోనే పొంగి గిన్నె మూత లేపేసేది.

చింతపండుకి కొదవ లేదు. సాన్యా నగర వృక్షమే చింతచెట్టు. దక్షిణపు ఊళ్ళలో చేపల పులుసుకి చింతకాయే వేస్తారు. ఉప్పాడవాళ్ళూ సాన్యావాళ్ళూ ఒక బంతిన కూర్చుంటే పులుపు గురించి తగువుండదు. కరివేపాకు దగ్గర మళ్ళీ మోసం. హైకోలో రోడ్డు విభాగినుల మీద, ప్రహరీల వెంట కత్తిరించిన పొదలు కనిపిస్తాయి. ఆకు అచ్చం అదే, తెల్లటి పూలు గుప్పుమంటాయి. 'జియూ లీ శియాంగ్' అంటారు. కరివేపాకుకి దగ్గరి చుట్టమే కానీ, తాలింపులో వేస్తే చేదు తప్ప మరేం రాదు. మొక్క తెచ్చుకుందామంటే విత్తనాలు, మొక్కలు, పచ్చి పళ్ళు కస్టమ్స్‌లో ఆపేస్తారు. నీడన ఎండబెట్టిన ఆకుతోనే సరిపెట్టుకునేవారు.

పెరుగు తోడుకి దుకాణంలో దొరికేవన్నీ తీపివి. వాటితో తోడేస్తే సాగుతూ తీగలా వస్తుంది. పెట్టె మీద చక్కెర లేదని రాసి ఉన్నది వెతకాలి. పదార్థాల జాబితాలో పాలు, సూక్ష్మజీవులు తప్ప మరేం లేకపోతే అదే మన తోడు. పెట్టె పాలు మరిగించక్కర్లేదు, వేలు పెట్టి భరించేంత వెచ్చచేసి, అరలీటరుకి రెండు చెంచాలు కలిపితే ఎండాకాలం ఐదారు గంటల్లో తోడుకుంటుంది. జనవరిలో హైకో రాత్రులు పదిహేను డిగ్రీల దాకా పడిపోతాయి, ఇళ్ళలో వేడి చేసే ఏర్పాటు ఉండదు. అప్పుడు రైస్ కుక్కర్ని కాసేపు వెచ్చబెట్టి, ఆపేసి, గిన్నె అందులో పెట్టి మూసేయాలి. మొదటి రెండుసార్లు పలచగా వస్తే బెంగపడక్కర్లేదు, మూడో తోడుకి గట్టిపడుతుంది.

ఆ పెరుగన్నంలోకి హైనాన్ ఇచ్చిన వరం పసుపు లాంతరు మిరపకాయ. బొద్దుగా, చిన్న లాంతరులా ఉండే పసుపు పచ్చని కాయ. వెల్లుల్లి, ఉప్పు వేసి ఊరబెట్టి సీసాల్లో అమ్ముతారు. గుంటూరు కారం తిన్న నాలుక నాకేం లెక్క అనుకుని చెంచాడు నోట్లో పెట్టుకున్నవాళ్ళకి ముందు పులుపు తెలుస్తుంది, తర్వాత ఒక క్షణం ఏమీ ఉండదు, ఆ తర్వాత చెవుల్లోంచి పొగ. ఆవగింజంతతో మొదలుపెట్టండి. ఇంకొకటి, ఉసిరికాయంత ఆకుపచ్చ నిమ్మ. నాలుగు కాయలు పిండి, తరిగిన వెల్లుల్లి, అల్లం, కొత్తిమీర, కాస్త ఉప్పు, ఈ పసుపు కారం కలిపితే అదే అక్కడ నంజుకునే పచ్చడి. వెన్‌చాంగ్ కోడిని ఉడకబెట్టి దీనిలోనే అద్దుకుంటారు. ఉడికించిన బెండకాయకైతే ఇంకా బావుంటుంది, ఇది శాకాహారుల రహస్యం.

శాకాహారులకి "వో ఛీ సూ", అంటే నేను శాకాహారిని, అన్న ముక్క చాలదు. మాంసం ముక్క వేయరు, పంది కొవ్వుతో వేయిస్తారు, ఎండు రొయ్య పొడి చల్లుతారు. మాంసం వద్దు, పంది నూనె వద్దు, రొయ్య వద్దు, గుడ్డు వద్దు అని నాలుగూ విడివిడిగా రాయించిన చీటీ జేబులో ఉండాలి. బౌద్ధ భోజనశాలల్లో నిశ్చింత, కాకపోతే అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. వాళ్ళ సంవత్సరాది సాధారణంగా మన మాఘ శుద్ధ పాడ్యమి నాడో, దానికి ముందు రోజో వస్తుంది. ఆ మొదటి రోజు హైనాన్ ఇళ్ళలో శాకాహారమే తినే ఆచారం ఉంది. ఏడాదిలో ఆ ఒక్క రోజు మనవాళ్ళు ఏ ఇంటికి భోజనానికి వెళ్ళినా ప్రశ్నలుండేవి కావు.

పళ్ళ పేర్లలో మాత్రం ఇండియా నక్కి కూర్చుని ఉంది. పనసపండుని 'బో లో మీ' అంటారు. బౌద్ధుల 'పారమిత'కి చైనీయులు రాసుకున్న అక్షరాలే అవి. సీతాఫలం 'షీ జ్యా', అంటే శాక్య. బుద్ధుడి తల మీది ఉంగరాల జుట్టులా ఉంటుందని. పండ్లమ్మే ఆవిడకి ఈ గోలేమీ తెలియదు, తూకం మాత్రం 'జిన్' లెక్కన, అంటే అరకిలో. కిలో ధర అనుకుని సంబరపడి డబ్బులిచ్చే దగ్గర తెల్లబోవడం కొత్తవాళ్ళకి మామూలే.

ఇంకో మాట ఉంది, హైకోలో 'లావ్ బా ఛా' అనే టీ అంగళ్ళ గురించి. 'నాన్నల టీ' అని అర్థం. చెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలు, మరకలు పడ్డ బల్లలు, బనియన్లలో పెద్దమనుషులు, చేతుల్లో లాటరీ అంకెల కాగితాలు. కుండెడు టీకి కొద్ది యువాన్లిస్తే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చోవచ్చు, వేడినీళ్ళు ఎన్నిసార్లయినా పోస్తారు. లేచి వెళ్ళమని ఎవరూ అనరు. చైనా అంతటా 'ఛా' అంటారు కానీ, ఈ దీవి సొంత భాష మిన్ కుటుంబానిది, అందులో దాని పేరు 'డే'. సముద్రం మీద పోయిన మాట 'టీ' అయింది, నేల మీద పోయింది 'చాయ్' అయింది. కోస్తాలో టీ, తెలంగాణలో చాయ్. ఆ రెండు దారులూ కలిసిన బల్ల దగ్గర కూర్చుని మనవాళ్ళు పాలు లేని టీ తాగలేక మొహం చిట్లించేవారు. పాల కోసం అయితే శింగ్‌లాంగ్ కాఫీ అడగాలి. మలయా నుంచి తిరిగొచ్చినవాళ్ళ కోసం 1951లో పెట్టిన తోటలది, నల్లగా వేయించిన రొబస్టా, గట్టి తీపి పాలతో. అరకు కాఫీ అలవాటున్నవాళ్ళకి మోటుగా తోస్తుంది, ఫిల్టరు కాఫీలో చికోరీ ఇష్టపడేవాళ్ళకి నచ్చుతుంది.

చాంద్రమానం రెండో నెలలో, మన ఫాల్గుణ శుద్ధంలో, పల్లెల్లో జాతరలు. ఆరో శతాబ్దపు నాయకురాలు శియెన్ అమ్మగారి పేరున ఊరేగింపులు, బుగ్గల్లోంచి ఇనుప శూలాలు గుచ్చుకున్న పూనకాల మనుషులు, డప్పులు. 'గోంగ్ ఛీ' అంటారు ఆ భోజనాలని. తెలిసినవాడి వెంట తెలియనివాడు వెళ్ళినా విస్తరి వేస్తారు, ఎంతమంది వస్తే ఆ ఇంటికి అంత గొప్ప. పిలిస్తే తప్పకుండా వెళ్ళాలి, పళ్ళో పానీయాలో పట్టుకుని. ఒక్క బల్ల దగ్గరే కడుపు నింపుకోకూడదు, ఎందుకంటే పక్కింటివాళ్ళు కూడా లాక్కెళ్తారు.

2016 జూన్ 25న వెన్‌చాంగ్ నుంచి మొదటి రాకెట్టు లేచింది. శ్రీహరికోట చూసిన కళ్ళకి కొబ్బరి తోటల మీదుగా ఆ మంట కొత్తేం కాదు. ప్రయోగం అయ్యాక, కేంద్రం పక్కనున్న లోంగ్‌లో అనే ఊరు నుంచి బయటపడటమే పెద్ద ప్రయోగం.

ఇంటికి మాట్లాడటమంటే అప్పట్లో వీచాట్. వాట్సాప్ తెరుచుకోదు, గూగుల్ తెరుచుకోదు. ఇండియా సిమ్ము రోమింగులో ఉంటే దాని డేటా ఇండియా మీదుగా తిరిగొస్తుంది కనుక అవి పనిచేసేవి, కానీ బిల్లు చూస్తే గుండె ఆగేది. అందుకని ఊళ్ళో అమ్మకీ నాన్నకీ అత్తగారికీ వీచాట్ పెట్టించి, ఆకుపచ్చ బొమ్మ నొక్కడం నేర్పించి వచ్చేవారు. 2020 జూన్ 29న ఇండియా నిషేధించిన 59 యాప్‌ల్లో అదీ పోయింది. అప్పటికే విమానాలు లేవు, వీసాలు లేవు. సెలవులకని ఇంటికొచ్చి ఇక్కడే ఇరుక్కున్న విద్యార్థులకి వీసాలు మళ్ళీ మొదలయ్యేసరికి 2022 ఆగస్టు. హైకో గదుల్లో వాళ్ళు తాళం వేసి వచ్చిన బీరువాల మీదుగా మూడు 'హ్వే నాన్ థ్యెన్'లు వెళ్ళిపోయాయి, యంత్రం డబ్బా పారబోసేవాళ్ళు లేక.

దీవి వదిలి వచ్చేటప్పుడు ఓనరు దగ్గర డిపాజిట్టు, జీతం డబ్బు ఇండియాకి పంపడానికి పన్ను కట్టిన రసీదులు, ఉద్యోగ అనుమతి రద్దు కాగితం, ఈ మూడూ అందరికీ గుర్తుండేవి. నాలుగోది ఎవరికీ గుర్తుండదు: వచ్చిన మొదటి వారం నీళ్ళ డబ్బాకి కట్టిన డిపాజిట్టు చీటీ. అది చూపిస్తేనే డబ్బులు వెనక్కిస్తారు. చాలా ఇళ్ళలో అది ఫ్రిజ్ మీద అయస్కాంతం కిందే ఉండేది, ఒక వసంతపు చెమ్మకి సిరా అలుక్కుపోయి.